పెరటాసి దాటిన శనివారం

మా అత్త పోయింది. తమిళుల ఆవణి నెల చివర్లో, ఒక మధ్యాహ్నం, కృష్ణగిరిలో మా నాన్న ఇంటి వెనక వాకిట్లో కూర్చుని చింతపండుతో ఇత్తడి చెంబు తోముకుంటూ, అట్లే గోడకు ఒరిగిపోయింది. నేను బడిలో పాఠం చెబుతుండగా నాన్న ఫోన్ చేశాడు. "అమ్మా, మీ అత్త పోయింది. చెంబు తోముతా ఉండింది. సగమే తోమింది" అన్నాడు.

ఆ చెంబు ఏదో నాకు తెలుసు. పెరటాసి దగ్గరికొస్తోందని కూడా తెలుసు. చావు కబురు వినగానే నాకు ముందు ఏడుపు రాలేదు. "అమ్మయ్య, ఈ ఏడు ఇంక ఆ చెంబు పట్టుకొని పోదు" అని ఒక ఊరట వచ్చింది. ఏడుపు దాని వెనక వచ్చింది. ఆ ఊరటకు సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను.

అత్త అంటే మా నాన్నకు అక్క. కెలమంగలం దగ్గర ఒక పల్లెలో ఇచ్చారు. మామ పట్టుపురుగులు పెంచేవాడట. నేను పుట్టకముందే పోయాడు, పిల్లలు లేరు. ఒక ట్రంకు పెట్టె, ఒక ఇత్తడి చెంబు, అద్దం పగిలిన వెంకటరమణస్వామి పటం తీసుకొని ఆమె తమ్ముడి ఇంటికి వచ్చేసింది. అప్పట్లో మేం హోసూరులో, మూకండపల్లిలో, ఫ్యాక్టరీ పనివాళ్ళుండే ఇళ్ళ వరసలో బాడుగకు ఉండేవాళ్ళం. ఒక గది, ఒక వంటిల్లు. వంటింట్లో ఒక మూల పటానికి, ఒక మూల అత్తకు.

ఆమె పూజ చేసేది అనడానికి లేదు. మంత్రాలు రావు. పొద్దుగూకే వేళ దీపం పెట్టి, పటం ముందర గొంతుక్కూర్చుని, ఇంటి పెద్దకు ఇంటి సంగతులు చెప్పినట్టు చెప్పేది. "సామీ, నూనె రేపటికి వస్తాది, ఆ పైన రాదు. పాపకి చెప్పు తెగినాది, పిన్నీసు పెట్టుకోని ఇస్కూలుకు పోతా ఉండాది. తమ్ముడు నిన్నట్నుంచీ సరిగ్గా తినలా. చెప్పినా. మళ్ళా చెప్పలేదని నన్ను అనొద్దు." అంత చెప్పి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, తన పనిలో పడేది. ఆ తర్వాత ఆమె ఆ సంగతి తలుచుకొని దిగులు పడడం నేను చూడలేదు. అమ్మ దిగులు పడితే మాత్రం "చెప్పినా గదమ్మా, ఆయన చూసుకుంటాడు" అనేది, కాస్త విసుగ్గా. ఒకసారి చెప్పిన పని మళ్ళీ గుర్తు చేస్తే పెద్దమనిషిని చిన్నబుచ్చినట్టని ఆమె అభిప్రాయం.

నా చెప్పు మాత్రం ఎన్నాళ్ళకూ రాలేదు. "ఏం అత్తా, చెప్పినావు గదా, ఏమైంది?" అని ఎగతాళి చేశాను. "ఆయనకు నీ చెప్పొకటేనా పని?" అంది. మరుసటి రోజు తన చెప్పులు నా ముందర పెట్టి, తాను ఉత్త కాళ్ళతో నీళ్ళ కొళాయికి పోయింది. నా కాళ్ళకు అవి పెద్దవి. వేసుకొని పోతే క్లాసులో పిల్లలు నవ్వారు. ఆ నవ్వుకు నాకు అత్త మీద కోపం వచ్చింది గానీ, ఆమె కాళ్ళ వైపు చూడాలని తోచలేదు.

పెరటాసి గురించి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. అది సెప్టెంబరు నడుమన మొదలయ్యే తమిళ నెల. మన తెలుగు లెక్కలో అట్లాంటి నెలే లేదు. కానీ మేం హోసూరు తెలుగువాళ్ళం ఉగాది మన లెక్కలో చేసుకుంటాం, శనివారాలు మాత్రం పెరటాసివే చేస్తాం. ఆ నెల శనివారాల్లో వెంకటరమణస్వామికి మొక్కుకున్నవాళ్ళు, నామం దిద్దిన చెంబు పట్టుకొని, ఇంటింటి ముందర నిలబడి "గోవిందా" అని కేక వేస్తారు. ఇంట్లోవాళ్ళు "గోవిందా" అని బదులు పలికి, బియ్యం తెచ్చి చెంబులో పోస్తారు. తోటలూ దుడ్లూ ఉన్న ఆసాములు కూడా అడుగుతారు. అడగడమే మొక్కు. వచ్చిన బియ్యం గింజ మిగల్చకుండా వండి, స్వామికి పెట్టి, వీధిలో అందరికీ వడ్డించాలి. దాన్ని తళిగ అంటాం. అడిగింది ఆయన కోసం గనక అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదంటారు.

నాకు మాత్రం చచ్చేంత సిగ్గు. అత్త తన నుదుట నామం పెట్టుకునేది కాదు, నా నుదుట పెట్టేది. పెళ్ళి కాని పిల్ల పిలిస్తే స్వామి ముందు వింటాడని ఆమె నమ్మకం. మా ఎదురింట్లో ఒక తమిళ కుటుంబం ఉండేది. వాళ్ళమ్మాయిది నా క్లాసే, ఎనిమిదో తరగతి. ఆ పిల్ల చూస్తుండగా మొహం నిండా నామంతో వాళ్ళ గేటు ముందర నిలబడి కేక వేయాలంటే ప్రాణం పోయేది. అందుకని ఉత్త పెదవులు కదిపేదాన్ని. అత్త గొంతే ఇద్దరి గొంతూ అయ్యేది. "నీ గొంతు యాడ పెట్టి వచ్చినావు పాపా?" అని ఒకసారి నవ్వుతూ అడిగింది. మళ్ళీ అడగలేదు.

ఆ ఏడు ఎండాకాలంలో నాన్న పనిచేసే ఫ్యాక్టరీకి తాళం పడింది. వచ్చే నెల తెరుస్తారన్నారు. ఆ పై నెల అన్నారు. తర్వాత అనడం కూడా మానేశారు. నాన్న పట్టింపు మనిషి. "ఎవురి ముందరా చెయ్యి చాపేది లేదు" అన్నాడు. అమ్మ తన పుట్టింటికి కబురు పంపుతానంటే, "పంపితే నేను ఇంట్లో ఉండను" అన్నాడు. ఇంట్లో బియ్యం పోయి రాగి ముద్ద వచ్చింది. ఆ ముద్దా రానురాను చిన్నదైంది. నాన్న ఒకరోజు ఉపవాసమనేవాడు, ఇంకోరోజు కడుపులో బాగలేదనేవాడు. అమ్మ వంటింట్లో గిన్నెలు గట్టిగా చప్పుడు చేసేది, మా ఇంట్లోనూ వంట అవుతోందని పక్కింటికి వినపడాలని. అత్త ఒక్కతే ఎప్పట్లాగే దీపం పెట్టి, "చెప్పినా" అని లేచేది. నాకు ఆ మాట వింటేనే ఒళ్ళు మండేది.

పెరటాసి వచ్చింది. ఎప్పుడూ ఒక్క శనివారం వెళ్ళే మనిషి, "ఈ ఏడు అన్ని శనివారాలూ పోతాను తమ్ముడూ, మొక్కుకున్నా" అంది. నాన్న ఆమె వైపు చూశాడు. ఏదో అనబోయాడు. గోవిందుడి మొక్కుకు అడ్డం చెప్పకూడదు గనక మింగేశాడు.

అన్ని శనివారాలూ వెళ్ళాం. ప్రతిసారీ చెంబు నిండింది, సంచీ నిండింది. ప్రతిసారీ అత్త అంతా వండి వీధి వీధంతా పెట్టేసింది. ఆ పంక్తిలోనే మేమూ కూర్చుని వారానికొక పూట తెల్లన్నం తిన్నాం. ఒకసారి బియ్యం కడగబోతుంటే అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "వదినా, ఒక్క శేరు తీసిపెట్టుకుందాం. ఎవురికి తెలుస్తాది?"

"ఆయనకు తెలుస్తాది గదమ్మా" అంది అత్త. "ఆయన కోసరం అడిగి మనం తినేస్తే, రేపు మన కోసరం అడిగేదానికి మొహం యాడుంటాది?"

అమ్మ చెయ్యి వదిలేసి అవతలికి పోయి ఏడ్చింది. అమ్మదే న్యాయం అనుకున్నాను నేను. ఇప్పటికీ సగం అట్లే అనుకుంటాను.

పెరటాసి చివరి రోజు శుక్రవారం పడింది. ఆ రోజే మా ఇంట్లో రాగి పిండి అయిపోయింది. అమ్మ డబ్బా అడుగు చేత్తో తుడిచి అంబలి కాచింది. మరునాడు పొద్దున అత్త తలకు పోసుకొని, నన్నూ పోసుకోమంది. నామం పెట్టింది. చెంబు తీసింది. నేను ముందురోజే మూల అంగట్లో క్యాలెండరు చూసి ఉన్నాను. "అత్తా, పెరటాసి నిన్నే అయిపోయింది. ఈరోజు ఐపసి ఒకటో తేదీ" అన్నాను. ఆమె గడప మీద ఆగింది. చెంబు ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకుంది.

"తెలుసు. పద" అంది.

నెలలో అడిగితే అది మొక్కు. నెల దాటి అడిగితే అది అడుక్కోవడం. ఆ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలుసు, తలుపు తీయబోయేవాళ్ళకూ తెలుసు. ఎదురింటి గేటు ముందర నిలబడి అత్త "గోవిందా" అంది. ఎప్పటికన్నా గట్టిగానే అంది, కానీ చివర్లో గొంతు చీలింది. నేను పెదవులు కూడా కదపలేదు.

తలుపు తీసింది నా క్లాసు పిల్లే. నన్ను చూసి, చెంబు చూసి, లోపలికి తిరిగి, "అమ్మా, పెరటాసి అయిపోయింది గదా, వీళ్ళు మళ్ళా వచ్చినారు!" అని అరిచింది. తమిళంలోనే అరిచింది. ఏ భాషలో అరిచినా నాకు అంతే తగిలేది. భూమి చీలితే బాగుండునని అంటారే, ఆ కోరిక ఎట్లా ఉంటుందో నాకు ఆ గేటు ముందర తెలిసింది.

వాళ్ళమ్మ చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చింది. నా వైపు ఒకసారి చూసింది. అత్త మొహం మాత్రం చూడలేదు. అది ఆమె మర్యాద అని నాకు చాలా ఏళ్ళకు గానీ అర్థం కాలేదు. "ఏయ్, నోరు ముయ్యి. తెలుగోళ్ళ లెక్క వేరే. వాళ్ళకి ఇంకో శనివారం ఉండాది" అని కూతుర్ని కసిరింది, మాకు అర్థమయ్యేలా తెలుగులో. ఆ తర్వాత గేటు దాకా వచ్చి, అటూ ఇటూ ఇళ్ళకు వినపడేలా కేక వేసింది. "ఏమ్మా, తెలుగోళ్ళకి ఈరోజు కడపటి శనివారమంట! బియ్యం ఎత్తుకోని రండి!"

తెలుగువాళ్ళ లెక్కలో అట్లాంటి శనివారం ఏదీ లేదు. ఆ వీధిలో సగం మంది తెలుగువాళ్ళే, వాళ్ళకూ తెలుసు. అయినా ఒక్కో తలుపూ తెరుచుకుంది. "అవును గదా, మరిచేపోతిమి" అంటూ ఒక తెలుగావిడే శేరుకు గోపురం కట్టి తెచ్చి పోసింది. వీధి చివరికి వచ్చేసరికి సంచీ నేను మోయలేకపోయాను. అత్త ప్రతి గేటు దగ్గరా గోవిందా అంటూనే ఉంది. నేను తల ఎత్తలేదు. వాళ్ళ పాదాలు, గేట్ల అడుగు కమ్మీలు, చెంబులో పడే బియ్యం, ఆ పొద్దున నేను చూసినవి అవే.

ఇంటికి వచ్చేసరికి నాన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఎదురింటామె కేక ఆయనకూ వినపడింది. "అక్కా, తళిగకు పొయ్యి అంటించమంటావా?" అని అడిగాడు. తెలిసే అడిగాడు.

"ఇది తళిగ బియ్యం కాదప్పా. ఇది మనకు" అంది అత్త, సంచీ దించుతూ.

"నెల అయిపోయినాదే అక్కా."

"అయిపోయినాదని సామికి తెలీదా? తెలిసే ఇచ్చినాడు. నెలంతా ఆయన కోసరం అడిగినా. ఒక్క దినం నా తమ్ముడి కోసరం అడిగినా."

నాన్న గోడ వైపు తిరిగిపోయాడు. ఆయన భుజాలు అదిరాయి. నాన్న ఏడవడం నేను అదే మొదటిసారి చూడడం, చూడకుండా ఉంటే బాగుండుననిపించింది. ఆ మధ్యాహ్నం ఆయన అన్నం తిన్నాడు. తల దించుకొని, మారు అడగకుండా, అయినా కడుపు నిండా తిన్నాడు. అత్త ఆయన ఎదురుగా ఉండకుండా పటం దగ్గరికి పోయి, "ముట్టినాది సామీ" అని చెప్పి వచ్చింది. ఇంతకాలం ఇచ్చింది ఎదురింటామె గదా, స్వామి కాదు గదా అనుకునేదాన్ని. అత్తను అడిగి ఉంటే, ఆ రెండింటికీ తేడా ఏముందో ఆమెకు అర్థమయ్యేది కాదు.

ఆ బియ్యం ఇంకా ఉండగానే నాన్నకు కృష్ణగిరిలో మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో పని దొరికింది. అత్త లెక్కలో అదీ ఒక దీపం వేళ చెప్పిన పనే. మేం కృష్ణగిరికి మారిపోయాం. నాన్న ఇల్లు కట్టుకున్నాడు. నేను చదువుకొని అదే ఊళ్ళో టీచరునయ్యాను, పెళ్ళి చేసుకున్నాను. బియ్యం మూటలుగా కొనే రోజులు వచ్చాయి. అత్త మాత్రం ప్రతి ఏడూ, పెరటాసి దాటిన మొదటి శనివారం, ఆ చెంబు పట్టుకొని హోసూరు బస్సెక్కేది. మూకండపల్లిలో ఆ వీధికే పోయి, ఆ ఎదురింటి గేటుతోనే మొదలుపెట్టి, గోవిందా అని అడిగేది. వచ్చిన బియ్యం అక్కడే వండి, అక్కడే అందరికీ పెట్టి, పొద్దుగూకే వేళకు దీపం పెట్టడానికి తిరిగొచ్చేది. పెరటాసి శనివారాలు ఎక్కడైనా సరే ఆమెకు. ఆ లేని శనివారం మాత్రం అక్కడే.

ఒక ఏడు, హోసూరు నుంచి మా బడికి వచ్చే టీచరొకామె, స్టాఫ్ రూములో అందరూ ఉండగా, "శనివారం మూకండపల్లిలో మీ అత్తను చూసినాను మేడమ్. చెంబు పట్టుకోని ఇంటింటికీ పోతా ఉండారు. ఇంట్లో అంతా బాగానే ఉండాది గదా?" అని అడిగింది. మంచి మనసుతోనే అడిగింది. "అది మొక్కు" అన్నాను. "పెరటాసి అయిపోయింది గదా?" అందామె. తెలుగోళ్ళ లెక్క వేరే అని ఆ ఎదురింటామె అన్నంత తేలిగ్గా నా నోటికి రాలేదు.

ఆ సాయంత్రం నాన్న ఇంటికి పోయి అత్త మీద పడ్డాను. "ఇప్పుడు మనకేం తక్కువని అత్తా? ఎందుకిట్లా పరువు తీస్తావు?" ఆమె చేటలో బియ్యం పెట్టుకొని రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"నాకు సిగ్గు లేదనుకున్నావా పాపా? సిగ్గుండబట్టే పోతాండా" అంది. రెండు రాళ్ళు ఏరి పారేసింది. "ఆ ఒక్క ఏడు పోయి మానుకోనుంటే అది అడుక్కున్నట్టు. నా తమ్ముడు అడుక్కున్న కూడు తిన్నట్టు. ప్రతి ఏడూ పోతే అది మొక్కు. ఆయమ్మ మన కోసరం నడివీధిలో అబద్ధం చెప్పినాది. దాన్ని నిజం చేసేది మన పని గదా."

నాకు అర్థం కాలేదని చెప్పుకోలేను. అర్థమైంది. అయినా వయసు మీద పడిందనీ, బస్సులో తోపులాటనీ సాకులు చెబుతూ పోయాను. ఆమె వింటూ బియ్యం ఏరుకుంది. మరుసటి ఏడు నుంచి ఆ శనివారం నాన్న ఇంటి వైపు పోకుండా ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని. ఆమె ఒక్కతే నడిచి బస్టాండుకు పోయేది.

మా పక్క, పోయినవాళ్ళ నోట్లో అయినవాళ్ళు బియ్యం గింజలు వేస్తారు. అత్త పోయిన రోజు ఎదురింటామె మూకండపల్లి నుంచి వచ్చి, ఎవరినీ అడక్కుండా అయినవాళ్ళ వరసలో నిలబడింది. అందరూ జరిగి ఆమెకు చోటిచ్చారు. నా ముందర ఆమే వేసింది, ఆమె వెనక నేను వేశాను.

పెరటాసి వచ్చింది, చివరికీ వచ్చింది. "ఈ ఏడు సూతకం గదమ్మా, మొక్కులు ఉండవు గదా?" అని అమ్మను అడిగాను, ఆశగా. "మీ అత్త పెండ్లయి వేరే ఇంటికి పోయిన ఆడబిడ్డ. మాకే మూడు దినాల సూతకం. నీకు అదీ లేదు" అంది అమ్మ. నాన్న లోపలికి పోయి చెంబు తెచ్చి నా పక్కన పెట్టాడు. ఆ రోజు సగం తోమినది, సగం తోమినట్టే ఉంది. మిగతా సగం తోమడానికి ఎవరికీ చెయ్యాడలేదు.

నెల దాటిన శనివారం హోసూరు బస్సెక్కాను. నామం పెట్టుకోలేదు, బస్సులో ఎవరన్నా తెలిసినవాళ్ళు చూస్తారని. చెంబు సంచీలో దాచుకున్నాను. మూకండపల్లిలో మిద్దెల మీద మిద్దెలు లేచాయి గానీ ఎదురిల్లు అట్లే ఉంది. గేటు ముందర నిలబడి చెంబు బయటికి తీశాను. నోరు తెరిచాను. గొంతు రాలేదు. పెదవులు కదిలాయి, ఎనిమిదో తరగతిలో కదిలినట్టే. ఇప్పుడు పక్కన అత్త లేదు గనక వీధిలో ఏ చప్పుడూ లేదు. చెంబు మళ్ళీ సంచీలో పెట్టేసి వెనక్కి పోదామనుకున్నాను.

మెట్ల మీద ఒక చిన్నపిల్ల కూర్చుని ఉంది. నా క్లాసు పిల్ల కూతురు, అదే మొహం. నేనెవరో తెలియదు దానికి. చెంబు చూసింది. లేచి లోపలికి పరుగెత్తుతూ, వాళ్ళ అమ్మమ్మను పిలుస్తూ వీధంతా వినపడేలా అరిచింది.

"పాటీ! తెలుగోళ్ళ శనివారం వచ్చేసింది! బియ్యం!"

పక్కింటి తలుపు తీసిన చప్పుడైంది. ఆ పక్కది కూడా. ఎదురింటామె, బాగా ముసలిదైపోయింది, శేరు పట్టుకొని మెల్లగా మెట్లు దిగి వచ్చింది. నా మొహం చూడలేదు. నేను తల దించుకొని చెంబు ముందుకు పట్టాను. ఆమె "గోవిందా" అంది, నా వంతు. బియ్యం పోస్తూ మళ్ళీ "గోవిందా" అంది, తన వంతు.